పేరుకోని గాలియం

మే నెల వరంగల్ ఎండకు తారు రోడ్డే మెత్తబడుతుంది. ముప్పై డిగ్రీలకే కరిగే గాలియం ఏపాటిది! స్నేహలత ల్యాబు తెరిచేసరికి, నిన్నటిదాకా గట్టి ముద్దగా ఉన్న లోహం ప్లాస్టిక్ సీసాలో తళతళలాడుతూ అటూ ఇటూ దొర్లుతోంది.

దొర్లితే దొర్లనీలే అనుకోవడానికి లేదు. రెండు అణువులను గాలియంతో అతికించే రియాక్షనే ఆమె థీసిస్‌లో ఆఖరి అధ్యాయం. రేపు సాయంత్రానికి ఫలితం తన టేబుల్ మీద లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యమని గైడు సుభాషిణి మేడం తేల్చి చెప్పారు. రియాక్షన్ పద్దెనిమిది గంటలు నడవాలి, ఆపైన శుద్ధి చేసి పరీక్షించాలి. అంటే ఈ మధ్యాహ్నమే మొదలుపెట్టాలి. గట్టి గాలియమైతే చిన్న ముక్కలు కోసి తూచవచ్చు. కరిగిందేమో గాజుకూ గరిటెకూ అంటుకుని తూకానికి అందదు.

మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టింది. చల్లబడింది గానీ గడ్డకట్టలేదు. దాని మొండితనం పాడుగాను! ఎంత చల్లబరిచినా, గట్టి గాలియం పలుకు ఒకటి తగిలితే గానీ పేరుకోనని కూర్చుంటుంది ఒక్కోసారి.

"నా సత్తు గిన్నెల ఐసు పోసి అండ్ల పెడుదమా బిడ్డా?" అన్నాడు ఎల్లస్వామి. ఇరవై ఏళ్లుగా ఆ ల్యాబుకు ఆయనే అటెండరు.

"వద్దు కాకా! సత్తంటె అల్యూమినియమే గద, ఇది చుక్క ఒలికినా అండ్ల ఇంకుతది. రేపటికి నీ గిన్నె అప్పడం లెక్క ఇరుగుతది."

ఎల్లస్వామి గబుక్కున గిన్నెను వెనక్కు దాచుకున్నాడు. "మరేం గావాలె దీనికి?"

"గట్టి గాలియం పలుకు. ఒక్కటి చాలు."

"ఓస్, పాలకు తోడేసుడే గద! పక్కింట్ల అడిగి తెచ్చుకుంటె అయిపాయె."

ఆ పక్కిల్లే చిక్కు. పక్క ల్యాబులో ఏసీ ఉంది, గట్టి గాలియం ఉంది, మానస కూడా ఉంది. ఆర్నెల్ల క్రితం తన మూడు మూతుల గాజు ఫ్లాస్క్ పోయిందని స్నేహలత అందరి ముందూ మానసను దొంగ అన్నది. వారం తర్వాత ఆ ఫ్లాస్క్ స్నేహలత డ్రాలోనే పాత నోట్సుల కింద దొరికింది. ఆ మాట చెప్పిందా? సిగ్గుతో చస్తూ కూడా నోరు విప్పలేదు మహాతల్లి!

"నువ్వే పోయి తే కాకా," అంది.

ఎల్లస్వామి పిడికిలి బిగించుకుని ఎండలో వరండా వెంట పరుగున వచ్చాడు. విప్పి చూస్తే పలుకు లేదు, అరచేతి నిండా వెండిరంగు పూత ఉంది.

"ఇంత గట్టిగ పట్టుకున్న, ఎటు వాయె?"

"నీ చేతి వేడికే కరిగింది కాకా!"

"ఇంకోటి ఇస్తదట. కని కావాల్సినామెనే రావాలె అంటాంది."

స్నేహలతకు కాళ్లు రాలేదు. గడియారం ఒంటిగంట చూపించాక వచ్చాయి. పక్క ల్యాబులో నలుగురు పని చేసుకుంటున్నారు. మానస తలెత్తకుండా తన స్టీలు టిఫిన్ గిన్నెలో ఐసు పోసి, చిన్న గాజు గొట్టంలో పలుకు వేసి అందులో గుచ్చింది.

"మానసా, ఆ ఫ్లాస్క్..."

"నీ డ్రాల దొరికింది. కాక చూసి అప్పుడే చెప్పిండు. నువ్వెప్పుడు చెప్తవా అని ఆర్నెల్ల సంది చూస్తాన."

స్నేహలత నలుగురి వైపూ తిరిగి గొంతు పెంచింది. "అందరు ఇనుర్రి! మానస నా ఫ్లాస్క్ తియ్యలే. నా డ్రాలనే ఉండె. తప్పు నాదే!"

"గింత మొత్తుకోమనలే," అంది మానస, నవ్వు ఆపుకుంటూ. "జల్ది పో, ఐసు కరుగుతాంది."

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలో పలుకు పడగానే మెరుపు మసకబారింది. కాసేపటికి మొత్తం గట్టిపడింది. "పెరుగు గూడ గింత జల్ది పేరుకోదు!" అని ఎల్లస్వామి చప్పట్లు కొట్టాడు. రెండింటికల్లా రియాక్షన్ మొదలైంది. స్నేహలత హమ్మయ్య అనుకుని మానస గిన్నె కడిగింది.

"ఉత్త గిన్నె వాపస్ ఇయ్యద్దు బిడ్డా," అన్నాడు ఎల్లస్వామి.

స్నేహలత డ్రా తెరిచి ఆ మూడు మూతుల ఫ్లాస్క్ తీసింది. దాన్ని గిన్నెలో నిలబెట్టి ఈసారి తనే తీసుకెళ్లి మానస ముందు పెట్టింది.

మానస ఫ్లాస్క్‌ను ముట్టుకోలేదు. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి ల్యాబులో నలుగురినీ పిలిచింది.

"జర చూడుర్రి, ఇది ఆమెనే ఇస్తాంది. నలుగురు గీడ సంతకం పెట్టుర్రి, అప్పుడు ముట్టుకుంట."