మిగిలిన మధ్యాహ్నం

"మీ దగ్గర ఎడిటింగ్ ఎవరు చేస్తారన్నా?" అని ముందు గదిలో ఎవరో అడిగారు.

"అంతా సిస్టమే చేస్తాదిలేన్నా. మనం వేసి పెడితే చాలు," అన్నాడు మా ఆయన.

మాది గిద్దలూరులో రాచర్ల గేటు దగ్గర. ముందు గది స్టూడియో, వెనక గది వంటిల్లు, మధ్య గదిలో బియ్యం బస్తాల పక్కన ఆ సిస్టమ్ అనే కంప్యూటర్, దాని ముందు నేను. స్టూడియోకీ నాకూ మధ్య ఒక కర్టెన్. అప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తెర మీద కొమరోలులో తీసిన పెళ్లి వీడియోగా తయారవుతోంది. ఎంతయిందో చూపించే గీత నత్తనడక నడుస్తోంది.

ఆ మాట నాకు కొత్త కాదు. ఆయన చెడ్డవాడై అన్న మాటా కాదు. శివనాగరాజు నిజంగానే అలా అనుకుంటాడు. పెళ్లంతా కెమెరా మోసి, మండపంలో అడ్డమొచ్చావని పెద్దలతో తిట్లు తిని, కాళ్లు వాచి ఇంటికి వస్తాడు. మెమరీ కార్డు నా చేతిలో పెట్టి పడుకుంటాడు. కొన్నాళ్లకు పెళ్లి ముచ్చటగా తయారై బయటికొస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఆయన చూడలేదు, కాబట్టి సిస్టమే చేసి ఉండాలి. తలంబ్రాలప్పుడు పెళ్లికూతురు నవ్వే ముందు ఒక్క క్షణం తల్లి వైపు చూస్తుంది. ఆ చూపు ఉంచాలా, తీసేయాలా అని నేను ఎంతసేపు కూర్చుంటానో ఆయనకు తెలియదు. కట్నం మాట దగ్గర వియ్యంకులిద్దరూ గొంతు పెంచిన చోట సన్నాయి ఎక్కడ నుంచి తెచ్చి కప్పానో తెలియదు. పెళ్లివాళ్లకు వీడియో నచ్చుతుంది. "నాగరాజన్న సిస్టమ్ మంచిది," అనుకుంటూ పోతారు.

పెళ్లికి ముందు మార్కాపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. పెళ్లయిన ఏడాది, ఆయన ఎడిటింగ్ చేస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి, "ఈ ఒక్కటీ నువ్వు చూడు రాజీ," అన్నాడు. జ్వరం తగ్గింది, కుర్చీ నాదే అయిపోయింది. రాజకుమారి అనే పేరు మాత్రం ఆ వీడియోల్లో ఎక్కడా రాలేదు. నేనూ వేసుకోలేదు. వేసుకోవచ్చని తోచలేదు.

పాత డబ్బా కావడంతో వీడియో ఒకటి తయారవడానికి పూటంతా పట్టేది. మా అత్త శ్రీశైలమ్మ బడికి పోలేదు గానీ ఆ గీతను చదవడం బాగా నేర్చుకుంది. కర్టెన్ పక్కకు తీసి చూసి, "ఇంకా సగం కూడా కాలే. ఆలోపు ఆ శెనక్కాయలు వలిచెయ్ అమ్మాయ్," అనేది. సిస్టమ్ పనిచేస్తుంటే నాకు పని లేనట్టు. నేను పనిచేస్తుంటే సిస్టమ్ చేస్తున్నట్టు.

దాంట్లో ముందున్న సాఫ్ట్‌వేర్ తీసేసి లైనక్స్ వేసింది నేనే. పెళ్లివాళ్లు తెచ్చే పెన్‌డ్రైవుల నిండా వైరస్సులే. ఒక సీజన్‌లో ఫైళ్లన్నీ పాడయ్యాక, యూట్యూబ్ చూసుకుంటూ, వంట చేసుకుంటూ నేర్చుకుని వేశాను. ఖర్చు లేదంటే ఆయన సరేనన్నాడు. ఆ రోజు నుంచి అది సజావుగా నడిచినన్నాళ్లు "సిస్టమ్". మొండికేసిన రోజు "నీ లైనక్స్".

పోయిన వారం ఆయన మార్కాపురం పోయి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. రుమాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చానన్నాడు.

"నువ్వు ఆ డబ్బాతో కుస్తీ పడేది చూడలేక తెచ్చినా. ఇది పెడితే బొమ్మ పరిగెత్తుతాదంట," అన్నాడు.

చీర కాకుండా నా కోసం ఆయన ఏదైనా తేవడం అదే మొదటిసారి. డబ్బా పక్కమూత తనే విప్పాడు. నేను టార్చి పట్టాను. ఇద్దరం నేల మీద పక్కపక్కన కూర్చుని, లోపలి దుమ్ము ఊదుకుంటూ, ముక్కులు చీదుకుంటూ నవ్వుకున్నాం. అలా కూర్చుని చాలా రోజులైంది.

ఆన్ చేస్తే ముందుకంటే అన్యాయం. అక్షరాలు బండగా ఉబ్బిపోయాయి. విండో జరిపితే తెర మధ్యలో చీలినట్టు కనిపించింది. వీడియో పెడితే పెళ్లికూతురు ఆగి ఆగి నడిచింది.

ఆయన ముఖం మాడిపోయింది. "కార్డుకేం కాలే. షాపులో నా కళ్ల ముందరే వేసి చూపించినారు. నీ లైనక్సే దీనికి పడదు. రేపు మధ్యానం జ్ఞానయ్యను రమ్మంటా. అంతా తుడిచేసి పాతదే వేస్తాడు."

జ్ఞానయ్య బజారులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మంచివాడే. కానీ తుడిచేస్తే ఒకటి కాదు, నేను ఇన్నేళ్లుగా అమర్చుకున్నదంతా పోతుంది. మన ఎండకూ మన ఒంటి చాయకూ సరిపోయేలా కుదుర్చుకున్న రంగులు, చూడకుండా వేళ్లు పోయే మీటలు, ఏ ఊరి పెళ్లి ఎక్కడుందో నాకు మాత్రమే తెలిసే వరస. ఇవన్నీ ఆయనకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆయనకు వినిపించేది "నాకు లైనక్సే కావాలి" అన్న మొండితనమే.

"రేపు మధ్యానం దాకా నాకు వదిలిపెట్టు," అన్నాను.

"నీకు వేరే పని లేదా ఏంది?" అన్నాడు గానీ, వద్దనలేదు.

మర్నాడు ఆయన ఏదో పుట్టువెంట్రుకల ఫంక్షన్‌కు పోయాడు. నేను కూర్చున్నాను. డబ్బాలో ఏమేమి బిగించి ఉన్నాయో చూపించే కమాండు కొట్టాను. "అమ్మాయ్, చింతపండు నానేసినావా?" లేచి నానబెట్టి వచ్చాను. జాబితాలో కార్డు పేరు కనిపించింది, అంటే బిగింపు సరిగానే ఉంది. పాస్‌పోర్ట్ ఫోటోకు ఒకాయన వచ్చాడు. తీసి, కత్తిరించి ఇచ్చి వచ్చాను. తెర మీద బొమ్మను గీస్తున్నది ఎవరని ఇంకో కమాండుతో అడిగాను. గ్యాస్ బండ వచ్చింది. దించుకుని వచ్చి చూస్తే, కార్డు పేరు లేదు. బొమ్మలన్నీ ప్రాసెసరే ఒంటరిగా గీస్తోంది. కార్డు ఉన్న చోట ఉంది, కానీ దానికి పని చెప్పే డ్రైవర్ లేదు.

సంబరపడి, అన్నింటికంటే కొత్త డ్రైవర్ ఏదో అదే వేశాను. రీస్టార్ట్ కొట్టాను. తెర నల్లబడింది. మూలన ఒక చిన్న గీత మిణుకుమంటోంది, అంతే. మళ్లీ ఆపి వేశాను. మళ్లీ అదే నలుపు.

నా అరచేతులు చల్లబడ్డాయి. ఒకప్పుడు మెమరీ కార్డు పాడై, ఒక పెళ్లిలో అప్పగింతలు మొత్తం పోయాయి. పాడైంది కార్డు, కానీ అప్పుడది నా చేతిలో ఉంది. "ఈమె చేతికిస్తే అంతే, అప్పగింతలే మాయం చేసింది," అని చుట్టాలొచ్చినప్పుడల్లా ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వుతూ కాఫీ గ్లాసులు తీస్తాను. ఇప్పుడు సిస్టమే మాయం చేసిందని చెబుతాడు. కొమరోలు పెళ్లి అందులోనే ఉంది. వాళ్లకు ఆదివారం ఇస్తామని మాటిచ్చాడు. జ్ఞానయ్య వచ్చి నన్ను ఏమీ అనడు. "పర్లేదమ్మా, ఆడవాళ్లు కదా," అంటాడు. అదే నాకు భయం.

కర్టెన్ కదిలింది. మా అత్త నల్లటి తెరనూ నన్నూ చూసింది.

"చెడిపోయిందా?"

"ఊఁ."

"నువ్వేనా?"

"నేనే అత్తా."

ఆమె బియ్యం బస్తా మీద కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను.

"చెడిపోతే పోయిందిలే," అంది. "వాడు ఎన్ని చెడగొట్టినాడో నీకు తెల్సా? మీ మామ చేను కౌలుకిచ్చి కొనిచ్చిన కెమెరా. సగిలేటి నీళ్లలో ఏసుకోనొచ్చినాడు. ఆ మళ్లీ సంవత్సరం ఇంకోటి, లారీ మీంచి పడేసినాడు. ఎవరం ఒక్కమాట అనలే. పిల్లోడు పని నేర్చుకుంటాండాడు అనుకున్యాం." మోకాలు రుద్దుకుంది. "నా అన్నంలో ఒకసారి రాయి తగిలిందని మీ మామ కంచం ఇసిరేసినాడు. నాకు అప్పుడు పదారేళ్లు. నేర్చుకుంటాండాది అని ఎవరూ అనలేదు."

నేను ఆమె చేతులు చూస్తూ కూర్చున్నాను. ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"ఈ పూట సంగటి నేను చూస్తాలే. నువ్వు దాని సంగతి చూడు."

పోతూ పోతూ కర్టెన్ దగ్గరికి లాగింది. వంటింటి వైపు ఒక చెవి వేయకుండా నేను ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

మూడు మీటలు కలిపి నొక్కితే, బొమ్మలు లేకుండా అక్షరాలతోనే పనిచేసే తెర వస్తుంది. వచ్చింది. అంటే లోపల అంతా బతికే ఉంది, బొమ్మే రావడం లేదు. ఊపిరి పీల్చుకుని, సిస్టమ్ లేచేటప్పుడు రాసుకునే మెసేజీలు ఒక్కొక్కటే చదువుతూ పోయాను. వందల లైన్ల మధ్య ఒకచోట, ఈ కార్డు పాతది, దీనికి పాత వరస డ్రైవరే సరిపోతుంది, ఇప్పుడు వేసిన కొత్త డ్రైవర్ దీన్ని పట్టించుకోదు అని రాసి ఉంది. తిట్టకుండా, నవ్వకుండా, తప్పెక్కడో, ఏం చేయాలో అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెసేజీ చదివి ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కొత్తది తీసేశాను. పాత వరసది దించడానికి ఫోన్ నెట్ కలిపాను. సగంలో ఆగిపోయి, ఇంకేదో ముక్క కావాలంది. అదేంటో ఫోన్‌లో వెతికి, దాన్ని వేసి, మళ్లీ మొదలుపెట్టాను. రీస్టార్ట్ కొట్టి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తెర కడిగిన అద్దంలా ఉంది. బొమ్మ గీస్తున్నది ఎవరని మళ్లీ అడిగాను. ఈసారి కార్డు పేరు వచ్చింది. వీడియో తయారుచేసే పనిని కూడా కార్డుకే అప్పగించే సెట్టింగు వెతికి పెట్టాను. కొమరోలు పెళ్లి, పూటంతా మింగే పెళ్లి, అత్త సంగటి కెలికి దించేలోగా అయిపోయింది. నేను నమ్మక, మొదటి నుంచి చివరిదాకా అక్కడక్కడా ఆపి చూసుకున్నాను. పెళ్లికూతురు ఎక్కడా ఆగకుండా నడిచింది.

ఆయన వచ్చి చూసి చిన్నపిల్లాడిలా గంతేశాడు. "చెప్పినానా, కార్డు మంచిదని!" అంటూ నా భుజం పట్టి ఊపాడు. జ్ఞానయ్యకు ఫోన్ చేసి, "వద్దులేన్నా, అదే సర్దుకునింది," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. ఆయన సంతోషం అబద్ధం కాదు.

అన్నాల దగ్గర కూర్చున్నాం.

"ఇంక మనకు తిరుగులేదు," అన్నాడు. "కంభం వాళ్లు అడుగుతాండారు, బేస్తవారిపేట వాళ్లు అడుగుతాండారు. చేతకాదని ఆపినా. రెండూ ఒప్పుకుంటా. ఇప్పుడు పూట పని గంటలో తోసేస్తాది కదా."

"మధ్యానాలు ఖాళీ అయితే మిరక్కాయలు కూడా చూసుకోవచ్చు," అంది అత్త. "తొడిమలు తీయాల్సినవి బస్తా ఉండాయి." పొద్దున నా పక్షాన మాట్లాడిన అత్తే.

నేను సంగటి ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాను. వాళ్లిద్దరిలో ఒక్కరికీ నా మీద కోపం లేదు, చెడు తలపు లేదు. నల్లటి తెర ముందు చేతులు చల్లబడి నేను సంపాదించుకున్న మధ్యాహ్నం ఇంకా నా చేతికి రానేలేదు, అప్పుడే పంపకాలు అయిపోయాయి.

"కంభం పెళ్లి ఒప్పుకోవద్దు," అన్నాను. "బేస్తవారిపేటది కూడా."

"ఎందుకు? టైముంటాది కదా ఇప్పుడు?"

"ఉంటాది. నాకు ఉంటాది."

ఆయన ముద్ద మింగి నన్ను చూశాడు. కోపం కాదు, అర్థంకాకపోవడం. "అంటే ఏంది? ఏం చేస్తావు టైము పెట్టుకోని?"

"ఇంకా తెలీదు," అన్నాను. నిజంగా తెలియదు.

తిన్నాక అత్త మిరపకాయల చేట తన ముందుకు లాక్కుంది. నా వైపు చూడలేదు. నేను చేయి కడుక్కుని, ముఖం కడుక్కుని, చెప్పులు వేసుకున్నాను.

"యాడికి?" అన్నాడు ఆయన.

"బయటికి."

"ఏం తేవాల?"

నేను ఇల్లు కదిలితే ఏదో ఒకటి తేవడానికే కదా.

"ఏమీ తేను," అని బయలుదేరాను.

ఎటు పోవాలో తోచక స్టేషన్ వైపు నడిచాను. ఎండ ఇంకా తగ్గలేదు. ప్లాట్‌ఫారం మీద పెద్దగా జనం లేరు. ఒక బెంచీ మీద కొండ మీది పల్లె నుంచి సీతాఫలాలు తెచ్చుకున్న ఒకామె, పక్కన గంప పెట్టుకుని, కాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి పలకరించింది.

"యా బండికమ్మా?"

"ఏ బండికీ కాదక్కా."

"ఎవరన్నా దిగుతారా?"

"ఎవరూ లేరు."

"మరి?"

"ఊరికే వచ్చినా."

ఆ మాట నా నోటి నుంచి నేనే మొదటిసారి విన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. ఇంటో గొడవా, పిల్లలెందరు, మీ ఆయనేం చేస్తాడు అని అడుగుతుందనుకున్నాను. ఆమె చాపిన కాలు ముడుచుకుని, గంపను తన వైపు జరుపుకుంది.

"అయితే కూచో," అంది.