రెండు వైపులనూ కలిపిన గీత

అది 1996వ సంవత్సరం. హెప్సీకి మొహం వాచి అప్పటికి ఏడు వారాలు. ఆరేళ్ల పిల్ల. పొద్దున్నే కళ్లు ఉబ్బితే మొదట నిద్ర చాలలేదనుకున్నారు. తరవాత పొట్టా కాళ్లూ కూడా ఉబ్బి, మేజోడు విప్పితే దాని అంచు కాలి మీద గాడిలా మిగిలిపోవడం మొదలైంది. తల్లి లూసీ అమెరికాలోని శాంటా క్లారాలో ఎనిమిదేళ్లుగా నర్సు. ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది, పిల్ల కిడ్నీలు ఒంట్లోని ప్రోటీనును పట్టి ఉంచలేక మూత్రంలో వదిలేస్తున్నాయని.

జబ్బుల నుంచి ఒంటిని కాచే శక్తే దారి తప్పి కిడ్నీల మీద పడి ఉంటుందన్నాడు డాక్టరు. దాన్ని అణచడానికి స్టెరాయిడ్ మాత్రలిచ్చాడు. చాలామంది పిల్లలకు నాలుగు వారాల్లో నయమవుతుందట. ఆరు వారాలు మింగినా హెప్సీ బుగ్గలు గుండ్రంగా నిండాయే తప్ప, రోజూ మూత్రంలో ముంచి చూసే కాగితప్పట్టీ ప్రోటీను పోతోందని ఆకుపచ్చగానే తేలుతోంది. ఒక్క పూట పసుపుగా ఉంటే చాలునని లూసీ ఎంత ప్రార్థన చేసుకుందో ఆ దేవుడికే తెలియాలి.

సోమవారం నుంచి ఇంకా గట్టి మందు మొదలుపెడతామన్నాడు డాక్టరు. ఆ మందు సంగతి లూసీకి బాగా తెలుసు. కేన్సరు రోగులకు ఇస్తారు. జుట్టు రాలుతుంది, చిన్న జ్వరం తగిలినా ఒళ్లు తట్టుకోదు, రేపు పెద్దయ్యాక పిల్లలు పుడతారో లేదో కూడా చెప్పలేరు.

అంతకన్నా లూసీని లోలోపల తొలుస్తున్నది మరొకటుంది. ఆసుపత్రిలో చేర్చిన రోజు ఇచ్చిన ఫారంలో తల్లిదండ్రులు రక్తసంబంధీకులా అని ఉంటే, కాదని టిక్కు పెట్టింది. భర్త ఆమోసు సాక్షాత్తూ ఆమె మేనమామ కొడుకు. బాపట్ల దగ్గర వాళ్ల ఊళ్లో అదేమీ వింత కాదు, అరమరికలు లేని సంబంధమని అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో భోజనాల బల్ల దగ్గర ఆ ముచ్చట చెప్పబోతే, తోటి నర్సులు నమిలేది ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఆమోసు కాలేజీలో పరిచయమైన మనిషైపోయాడు. ఇప్పుడు దిద్దితే, నర్సువై ఉండి అబద్ధం రాశావా అనరూ?

శుక్రవారం పెద్దావిడను కూడా తీసుకురమ్మన్నాడు డాక్టరు. కొందరు పిల్లలకు ఈ జబ్బు వంశంలోనే ఉంటుందేమోనని కుటుంబాల వివరాలు రాసుకుంటున్నారట. లూసీ తల్లి రూతమ్మ మనవరాలి కోసం వచ్చి నెలైంది. చదువు మూడో తరగతితో ఆగింది గానీ, ఎవరి ముత్తాతకు ఎవరేమవుతారో ఊరంతా ఆవిడనే అడిగేవారు.

డాక్టరు కాగితం మీద ఎడమ పక్క లూసీ వాళ్లనీ, కుడి పక్క ఆమోసు వాళ్లనీ గీశాడు. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు డబ్బా, పోయినవాళ్లకు అడ్డంగా ఒక కొట్టివేత. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇలా ఉబ్బారా అని అడిగాడు. లూసీ తెలుగులో చెప్పింది.

రూతమ్మ మొదలుపెట్టింది. లూసీ కంటే ముందు పుట్టిన కొడుకు శామ్యేలు నాలుగో ఏట ఇలాగే మొహం ఉబ్బాడనీ, మిషను ఆసుపత్రి దొరసాని ఉప్పు మానిపించిందనీ, అయినా ఐదో ఏడు నిండకుండానే పోయాడనీ. తనదీ మేనరికమేననీ, దిష్టి తగిలి పోయాడంటారని అత్తగారు అందరికీ జ్వరమని చెప్పించిందనీ. అన్న జ్వరంతో పోయాడనే లూసీకీ తెలుసు. ఈ మాట వినడం ఇదే మొదలు. డాక్టరు కలం పట్టుకుని చూస్తున్నాడు.

"నో డాక్టర్. నథింగ్ లైక్ దట్," అంది లూసీ.

రూతమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏమే, నేను వాడి పుట్టుక నుంచి పోయేదాకా చెబితే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావేం?"

"తరవాత చెప్తానమ్మా. ఊరుకో."

"తరవాతంటే ఎప్పుడు? సోమవారం ఆ మందు పోశాకా?"

ఆవిడ కాగితం తన ముందుకు లాక్కుంది. ఏ గుర్తు ఎవరిదో ఒక్కొక్కటే లూసీ చేత చెప్పించుకుంది. ఆమోసు తండ్రి ఏసుపాదం డబ్బా కుడి చివర ఒంటరిగా ఉంది.

"ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లం. మా అన్నను పరాయివాడిలా అక్కడ కూర్చోబెట్టాడేమే?"

డాక్టరు చేతిలోంచి కలం తీసుకుని, తన సున్నా నుంచి అన్న డబ్బా దాకా కాగితానికి అడ్డంగా గీత లాగింది. లూసీ సున్నా పక్కన శామ్యేలుకని వంకరటింకరగా ఒక చిన్న డబ్బా గీసి, దాన్ని తనే కొట్టేసింది.

డాక్టరు చాలాసేపు ఆ కాగితం చూసి, తలెత్తి లూసీని చూశాడు. ఆమె ఇక దాచలేకపోయింది. ఫారంలో తప్పు రాశానని, అన్న ఏ వయసులో పోయాడో, తనకూ భర్తకూ చుట్టరికమేమిటో అంతా చెప్పింది. ఆయన కోప్పడలేదు. సోమవారం మందు ఆపేద్దామన్నాడు. ఇది ఒంటి కాపలా చేసిన పొరపాటు కాక, పుట్టుకతోనే కిడ్నీ జల్లెడలో ఉన్న లోపమైతే ఆ మందు పిల్లను బాధపెట్టడానికే తప్ప ఎందుకూ పనికిరాదట. ముందు సూదితో కిడ్నీ ముక్క తీసి చూడాలి. పరిశోధన కోసం పిల్లతో పాటు లూసీ, ఆమోసు, రూతమ్మ ముగ్గురి రక్తమూ కావాలి.

"ఇది నా నుంచే వచ్చిందా అని అడుగు. మొత్తం అడుగు," అంది రూతమ్మ.

లూసీ అడిగింది. ఆయన చెప్పిందల్లా ఒక్క ముక్క వదలకుండా తల్లికి చెప్పింది. అదే నిజమైతే ఒక్కరి నుంచి రాదట, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రావాలట, ఎవరి తప్పూ కాదట. ఫలానాదని చూపించే రక్తపరీక్ష ఇంకా లేదట.

"పిల్ల నిలుస్తుందా?"

"అదీ అడిగానమ్మా. తెలీదంటున్నాడు."

రూతమ్మ జాకెట్టు చేతిని పైకి మడుచుకుని బల్ల మీద చాపింది.

"ముందు నాది తీయమను. నువ్వు పోయి ఆమోసుకు ఫోన్ చేసి రమ్మను."