మూలన వాలిన పిట్ట

ఆళ్లగడ్డలో ముప్పై ఏళ్లుగా దేవుళ్లను చెక్కుతున్న ఓబయ్యను కాదని, అక్షరాలు గీసే పని నంద్యాల బోర్డుల పెయింటరు పరంజ్యోతికి ఇచ్చారు. ఓబయ్యకు అదే కడుపుమంట.

ఎనభై రెండులో సిమెంటు ఫ్యాక్టరీ పనిమీద వచ్చిన ఉక్రెయిన్ ఇంజనీరు, అరచేతంత నల్లరాయి మీద తన తల్లి పేరు రాసిచ్చి చెక్కమన్నాడు. వాళ్ల లిపిలోనే, మాయల కథల పుస్తకాల్లో మాదిరి తీగలతో, వంపులతో ఉండాలట. ఓబయ్య మూడు రోజులు గీసినా అక్షరాలు కట్టెపుల్లల్లా నిలబడ్డాయి. పరంజ్యోతి ఒక్క పూటలో గీశాడు. ఒక అక్షరం తోక తీగై సాగింది. చివర మూలన ఓ చిన్న పిట్ట వాలింది.

“నీ కాగితం రాతికి అంటించి చెక్కుతా. ఉలి తగిల్తే అంతా పొడే. అప్పుడు నీ పేరు యాడుంటాది?” అన్నాడు ఓబయ్య.

“చూద్దాంలే అన్నా,” అని పరంజ్యోతి నవ్వాడు.

కాగితం పొడై రాలుతుంటే ఓబయ్య కడుపు చల్లబడింది. లిపి తెలియదు గనక మనసంతా పిట్ట మీదే పెట్టి, ఈకఈకా తీర్చాడు. విగ్రహానికి మాదిరే కన్ను చివరికి ఉంచి, మంచి గడియ చూసి తెరిచాడు. ఇంజనీరు పిట్టను తడిమి, ఓబయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ వారమే ఓబయ్య, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, నంద్యాల పోయాడు. సోడా అంగడి బోర్డు మూలన అదే పిట్ట. పక్క సైకిల్ షాపు బోర్డు మీదా అదే.

“ఏందప్పా ఈ పిట్ట?”

“పరంజ్యోతి సంతకం. పేరు రాయడు, అదే పెడతాడు,” అన్నాడు సోడా అంగడాయన.

ఓబయ్య తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ముప్పై ఏళ్లలో అది ఏ దేవుడికీ అంత శ్రద్ధగా కన్ను తెరవలేదు.