లేదన్న ఐదుగురు

శుక్రవారం మా ఆయన చొక్కాకి గంజి పెట్టడం, రోజూ ఆయన చెప్పే వాక్యానికి మాట పెట్టడం, రెండూ నా పనే. చొక్కా సంగతి అందరికీ తెలుసు. "సంజీవ్ బ్రదర్ చొక్కా చూడండి, అంతా సిస్టర్ చలవ" అంటారు ఒమాన్‌లో మా రూవి తెలుగు క్రైస్తవుల సహవాసంలో. మాట సంగతి ఒక్కరికీ తెలియదు. నాలుగేళ్ళుగా బర్కా నుంచి సహం దాకా మనవాళ్ళు డ్యూటీకి వెళ్తూ ఫోన్లో వినే ఉదయ ధ్యానంలో గొంతు మా ఆయనది. ముందురోజు క్లినిక్‌లో నేల తుడిచాక, వెనక మెట్ల మీద కూర్చుని దాన్ని రాసేది నేను. "నాలుగు ముక్కలు రాసిపెట్టవే, బి.ఏ. చదివేవు కదా" అన్న మాటతో మొదలైంది. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. మా ఊరి రేకుల చర్చిలో ముసలమ్మలకి వాక్యం చదివిపెట్టిన దాన్ని, ఇప్పుడు ఒమాన్ అంతటికీ చదివిపెడుతున్నాను అనుకునేదాన్ని. "చెయ్యి నీది, నోరు నాది. మనది ఒకటే శరీరం కదే" అనేవాడు ఆయన. ఒకటే శరీరమైతే అంట్లు తోమేటప్పుడు రెండో సగం ఎక్కడికి పోతుందో అడగాలనిపించేది. అడగలేదు.

ఈ శుక్రవారం సహవాసానికి పదేళ్ళ పండగ. మొదటిసారి ఆయన వేదికెక్కి ప్రసంగించబోతున్నాడు. అంశం సిద్ధపాటు. బైబిల్లో, పెళ్ళికొడుకు కోసం దివిటీలు పట్టుకుని కాచుకున్న పదిమంది కన్యకల కథ. ఐదుగురు నూనె తెచ్చుకున్నారు, తెచ్చుకోని ఐదుగురూ కొనడానికి వెళ్ళొచ్చేసరికి పెళ్ళింటి తలుపు మూసుకుంది. బుధవారం నేను చపాతీలకి పిండి కలుపుతుంటే టీ గ్లాసుతో వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"కథ అందరికీ తెలిసిందేనే. జనం కంట నీళ్ళు రావాలి. మన పాప సంగతి పెట్టు."

నా చేతులు పిండిలో ఆగిపోయాయి.

"ఆ తొమ్మిది రోజులూ నేను ఆసుపత్రిలో గాజుపెట్టె పక్కన మోకాళ్ళ మీద ఉన్నట్టు రాయి. బిడ్డని దేవుడికి అప్పజెప్పడానికి సిద్ధపడ్డానని ముగించు. చదివితే ఓ పావుగంట రావాలి."

ఆ తొమ్మిది రోజులూ ఆయన సహంలో సైట్ మీద ఉన్నాడు. కాంక్రీటు పడుతోంది, కంపెనీ సెలవివ్వదు అన్నాడు. నిజమే, ఇవ్వదు. దానికి నేను అప్పుడూ ఏమీ అనలేదు. కానీ మధ్యలో ఒక శుక్రవారం, సెలవు రోజు, వచ్చింది. ఆ శుక్రవారం సహంలోనే ప్రార్థన కూటం పెట్టించాడు. "ప్రార్థన ఎక్కడ చేసినా ఒకటేనే" అన్నాడు. ఏడో నెలలోనే పుట్టిన పిల్ల, నా అరచేతికి కొంచెం ఎక్కువ. నర్సు పేరడిగితే షారోను అన్నాను. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "ఆఁ ఆఁ, సరే" అన్నాడు, వెనకాల మిక్సర్ తిరుగుతోంది. పొద్దున్నా సాయంత్రం పాలు పిండి, సీసాకి తడిగుడ్డ చుట్టి, బస్సులో పట్టుకెళ్ళేదాన్ని. తొమ్మిదో రోజు సీసా తిరిగి నా చేతికే ఇచ్చారు. మా అత్తగారు ఫోన్లో, "ఎక్కువ అలవాటు కాకుండానే తీసుకున్నాడు దేవుడు, అదే నయం" అంది. ఆ తర్వాత పదకొండు రోజులు నా ఒంట్లో పాలు ఆగలేదు. జాకెట్లు తడిసిపోయేవి. సిద్ధపాటు గురించి నాకు తెలిసింది అదొక్కటే. అడిగే నోరు లేకపోయినా ఒళ్ళు సిద్ధంగా ఉండటం. దాన్ని ఏ ధ్యానంలోనూ రాయలేదు. నాకోసం దాచుకున్న ముక్క అదొక్కటే.

మా వంటిల్లు రెండు కుటుంబాలది. అవతలి గదిలో ఉండే కడప రషీదున్నీసా పొయ్యి దగ్గరికి వచ్చింది. "ఏమ్మే సుమా, పిండి ఎండిపోతాంది, ఏం ఆలోచన?" అంది. చెప్పాను.

"ఆ సీసాలు మోసినోళ్ళం నువ్వూ నేనూ. ఆయప్పకు ఆ వార్డు ఏ అంతస్తులో ఉండాదో గూడా తెలీదు గదా."

"అడిగాక లేదని ఎలా అంటాను అక్కా."

"నువ్వు లేదనంగా నేను ఇంతవరకూ విన్లేదులే" అని తన గిన్నె దించుకుని వెళ్ళిపోయింది.

గురువారం మెట్ల మీద కూర్చుని రాశాను. మనసు ఒకచోట నిలవలేదు. లేచి తుడిచిన నేలే మళ్ళీ తుడిచి వచ్చి రాశాను. చిన్నప్పటి నుంచీ ఈ కథలో నన్ను భయపెట్టింది మూసుకున్న తలుపు. ప్రసంగికులంతా ఆ తలుపు దగ్గరే ఆగుతారు. ఈసారి నా పెన్ను అంతకుముందే ఆగింది. నూనె లేనివాళ్ళు వచ్చి కాస్త పొయ్యమని అడిగితే, ఉన్నవాళ్ళు పొయ్యలేదు. మీరే అంగడికి వెళ్ళి తెచ్చుకోండన్నారు. అడిగినవాళ్ళు పరాయివాళ్ళు కారు, కలిసి వచ్చినవాళ్ళే. అయినా వాళ్ళని పిసినారులని, గయ్యాళులని ఎవరూ అనలేదు. బుద్ధిమంతులన్నారు. ఆ ఐదుగురూ ఆడవాళ్ళే. ఇన్నేళ్ళు చదివిపెట్టాను కానీ నేనెప్పుడూ చదవలేదు. రాసిన నాలుగు కాయితాలూ పక్కన పెట్టి, కొత్తది తీసి, పాప పేరుతో మొదలుపెట్టాను.

శుక్రవారం పొద్దున ఇస్త్రీ చేస్తుంటే ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"కాయితం ఎక్కడ పెట్టేవే? ఓసారి పైకి చదువుకోవాలి."

"నా సంచిలో ఉందండి."

"ఇటివ్వు మరి."

"ఇవ్వనండి."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి నవ్వు ఆపాడు. "పండగ పూట ఏంటిది? అవతల రెండు వందల మంది కూర్చుంటారు. పాప నాకూ పాపే కదే."

"మీకూ పాపే. అందుకే మీది మీరు చెప్పండి. సాక్ష్యాల వేళ నాది నేను చెప్పుకుంటాను."

"నువ్వా?" తువ్వాలు మంచం మీదకి విసిరాడు. "అయితే అక్కడ నిలబడి నన్నేం చెప్పమంటావ్?"

"మీరు చూసింది చెప్పండి."

చొక్కా ఇచ్చాను, గంజి బాగానే పట్టింది. సాక్ష్యాలప్పుడు, ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పుకునేప్పుడు, ఆడవాళ్ళ వరసలోంచి చెయ్యెత్తకూడదని ఎవరూ అనలేదు, ఎవరూ ఎత్తలేదు, అంతే. సంచి భుజాన వేసుకుని, మూడేళ్ళుగా పైకి అనని పాప పేరు గొంతులోంచి వస్తుందో రాదోనని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి అని చూసుకున్నాను.

"షారోను."

"ఎవరే ఆవిడ?" అన్నాడు ఆయన, బొత్తాలు పెట్టుకుంటూ.