చిలువేరి వారి పెత్రమాస

గంజి పెట్టిన పడుగు వాసన వీధంతా పరచుకుంది. వాన పడకముందే ఆరాలి. సిరిసిల్ల సాలెవాళ్లకు భాద్రపదంలో మబ్బును మించిన అత్తగారు లేదు.

కొమురవ్వ చూపు మాత్రం వాకిలి మీద ఉంది.

రజాకార్ల రోజుల్లో ఆ వాకిట్లోనే ఒక జవాను నిలబడి అరిచాడు — "చిల్వేర్! బాహర్ ఆవ్!"

ఇంటి పేరు చిలువేరి. ఉర్దూ నోట్లో పడేసరికి తోక తెగి, గద్దింపు అయ్యింది. ఆమె భర్త రాయమల్లు మగ్గం గుంటలోంచి లేచి పెరటి దారిన పోయాడు.

పోయాడు. అంతే.

షోలాపూర్ మిల్లులో చేరాడని తెలిసింది. అక్కడ మరాఠీవాళ్లు చిల్వేరీ అంటారట... చివర సాగదీసి. వస్తున్నానని కబురు పంపేవాడు. తర్వాత కబుర్లూ ఆగాయి. నిజాం పోయాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాయమల్లు రాలేదు.

ఒకనాడు షోలాపూర్‌లో అదే మిల్లులో పనిచేసే నిర్మల్ అంబదాస్ వచ్చి, తల వంచుకుని, వదినా అనడానికి అక్కడి మాట వాడి చెప్పాడు.

"మిల్లుల చిల్వేరీ సచ్చిపోయిండట, వైనీ. నేనైతే సూడలే."

ఏ చిల్వేరీ? ఆ మిల్లు నిండా మనవాళ్లే. చిల్వేరీలు ఎందరో.

కొమురవ్వ గాజులు తీయలేదు. ఊరు చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ.

కానీ మగ్గం ఆగినప్పుడల్లా ఎవరో పిలుస్తారు. చిల్వేర్... చిల్వేరీ... వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. ఆమెకు భయం. పిలిచేది చచ్చినవాడో, దారి తప్పిన బతికున్నవాడో.

ఇవాళ పెత్రమాస. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యమిచ్చే రోజు. కోడలు బాలలక్ష్మి మళ్లీ కడుపుతో ఉంది. మొదటి బిడ్డ దక్కలేదు. కొడుకు బాలమల్లు చేటలో బియ్యం, గుమ్మడికాయ తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

"అవ్వా, బాపుకు పెట్టకనే మనింట్ల పిల్లలు నిలుస్తలేరంటుండ్రు. గీసారన్న పెడదాం."

"బతికున్నోనికి పెడితె?"

కొడుకు చేటను ఇంకాస్త ముందుకు జరిపాడు.

బతికున్నవాడి పేర బియ్యమిస్తే ఆయుష్షు తీసినట్టే. చచ్చినవాడికి ఇవ్వకపోతే ఆకలితో గడప చుట్టూ తిరుగుతాడు. ఎటు అడుగేసినా తన మనిషి మీదే పడుతుంది.

అయ్యగారు వచ్చి బాలమల్లు చేతికి దర్భ ఇచ్చాడు. "ఇంటి పేరు?"

బాలమల్లు నోరు తెరిచాడు. కొమురవ్వ కొడుకు చేయి పట్టి ఆపింది.

"చిల్వేరీ," అంది. సాగదీసి... షోలాపూర్ నోటితో.

"మీది చిలువేరి గదా అవ్వా? మనిషి పేరు?"

పెళ్లయిన నాటినుంచి ఆమె ఆ పేరు నోట పలకలేదు. ఇప్పుడూ పలకలేదు.

"పేరద్దు. గా మిల్లుల సచ్చినోడు చిల్వేరీ. గాయనకే ఇస్తున్న. మా చిలువేరాయన ఇంకా రాలే."

అయ్యగారు ఆమె బొట్టు వైపు చూసి, మంత్రం అందుకున్నాడు. బాలమల్లు నీళ్లు వదిలాడు. బాలలక్ష్మి కళ్లు మూసుకుని కడుపు మీద చేయి వేసుకుంది.

కొమురవ్వ వాకిలి వైపు చూసింది.

ఎవరి ఆకలి తీరిందో... ఎవరి ఆయుష్షు తీరిందో.