ఎర్ర పోగులు

చెరువులోకి ఎర్ర పోగులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న అనుమానం ఆమెను ఏళ్ల తరబడి తొలుస్తూనే ఉంది. ప్రయోగశాలలో ఆమె పని చెరువు బురదను చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి తేరనివ్వడం. మట్టి అడుగుకు దిగుతుంది, ప్లాస్టిక్ నలుసులూ పోగులూ పైకి తేలతాయి. వాటిని వడగట్టి మైక్రోస్కోపు కింద చూస్తే ప్రతిసారీ ఎరుపే. గట్టు మీద ఎర్ర తివాచీలు ఉతికే బాబాయి మీదే ఆమె అనుమానం. అందుకే ఎప్పుడో వానలో ఆయన ఇచ్చిన గొడుగు తిరిగివ్వడానికి కూడా ఆ గడప తొక్కలేదు. రేపు నివేదిక వెళితే ఆయన కొట్టు మూతపడుతుంది.

కొత్తగా వచ్చిన పెద్ద మేడమ్ అడిగింది. "బురద వెయ్యకుండా ఉత్త ఉప్పునీళ్లు ఎప్పుడైనా వడగట్టి చూశావా అమ్మాయ్?"

"ఉత్త నీళ్లలో ఏముంటుంది మేడమ్, నా మొహం!"

"చూస్తే పోయేదేముంది?"

వడగట్టి ఆమె మైక్రోస్కోపుకు కన్ను పెట్టింది. ఉత్త నీళ్లలోనూ ఎర్ర పోగులే! తలదించి తన ఒంటివైపు చూసుకుంది. గదిలో చలికని రోజూ వేసుకునే ఎర్ర స్వెట్టరు మోచేతుల దగ్గర నూగు రేగిపోయి ఉంది. దండం పెట్టుకుని మొదలుపెట్టే పనిలో ఇంత తప్పు ఎలా దూరింది స్వామీ?

నివేదిక ఆగిపోయింది. సాయంత్రం ఆమె బాబాయి కొట్టుకు వెళ్లి అంతా చెప్పింది.

"చంపినంత పని చేశావు కదే!" ఆయన నోరెళ్లబెట్టాడు. "మరి ఈ గొడుగేంటి?"

"నీదే బాబాయ్. ఆ వాననాటిది."