మగ్గం ఆగిన చోట

విమల్ ర్యాప్ పాటను ఫోనులో రికార్డు చేసేటప్పుడల్లా వాళ్లమ్మ రాజామణి మగ్గం ఆపేది. తిరుత్తణిలో వాళ్లకున్నవి రెండే గదులు. పాట అయ్యాక, "నడుమలో ఊపిరి చాల్లేదురా" అని ఏదో ఒక వంక పెట్టి మళ్లీ నేతలో పడేది. వాడు ఆ మాట పట్టించుకోకుండా పాటను నెట్‌లో పెట్టి, ఎవరైనా విన్నారా అని చూసుకుంటూ కూర్చునేవాడు. రెండేళ్లలో ఏ పాటా ఇరవైమందిని దాటలేదు.

బుధవారం అమ్మ నేసిన చీరను తిరువళ్లూరు అంగడికి తీసుకెళ్లాడు. అంగడి యజమాని ధనకోటి దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఏందిరా అల్లుడూ, మీయమ్మ నేస్తా నేస్తా కునుకు తీస్తా ఉండాదా? ఎన్ని గీతలు పడినాయో చూడు. ఇంగొకటి ఇట్లొస్తే నేను తీసుకోను, చెప్పేసేయి."

మగ్గం ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట బట్టలో గీత పడుతుందని విమల్‌కు తెలుసు. ఎంచి చూస్తే తొమ్మిదున్నాయి. ఆ చీర మగ్గం మీదున్నప్పుడే కొత్త పాట కుదరక తొమ్మిదిసార్లు పాడాడు.

ఇంటికొచ్చి ఫోను తీయగానే అమ్మ చెయ్యి ఆగింది.

"ఆపొద్దుమా, నేస్తానే ఉండు. ఆ సద్దుంటేనే పాట బాగుంటాది."

"నిజంగానా?"

"నిజమేమా."

గోడవైపు తిరిగి చివరిదాకా పాడాడు. మగ్గం ఎక్కడా ఆగలేదు. పాట అయ్యాక వెనక్కి తిరిగి, అమ్మ ఏమంటుందోనని నిలబడ్డాడు.

"అయిపోయిందా?" అంది రాజామణి, పోగు మీదనుంచి చూపు తిప్పకుండా. "నాకేం వినబళ్లేదురా."